నీటి ప్రవాహ గణనకు సాఫ్ట్‌వేర్ ఎంపిక

నది వంపులో సుడి తిరిగే నీరు, స్పిల్‌వే మీదుగా జారి దిగువన విరుచుకుపడే నీరు, గొట్టంలో పీడనంతో పరుగెత్తే నీరు, కరకట్టకు పడిన గండిలోంచి ఊరిమీదికి మళ్లే నీరు, ఇవన్నీ రెండే రెండు సూత్రాలకు లోబడి కదులుతాయి. ద్రవ్యరాశి కొత్తగా పుట్టదు, నశించదు అన్నది మొదటిది. నీటి ద్రవ్యవేగంలో, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణించగా వచ్చే రాశిలో, కలిగే మార్పు దానిపై పనిచేసే బలాలను అనుసరించి ఉంటుందన్నది రెండవది. ద్రవం లోపలి రాపిడిని కూడా లెక్కలోకి తీసుకుని ఈ సూత్రాలను 1822లో ఫ్రెంచి ఇంజనీరు క్లాడ్ లూయీ నేవియే సమీకరణాలుగా వ్రాయగా, 1845లో జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ వాటికి దృఢమైన పునాది వేశాడు. అతి సరళమైన సందర్భాలలో తప్ప ఈ సమీకరణాలు కాగితం మీద లొంగవు; మూడు దిశలలో సాగే ప్రవాహానికి వాటి పరిష్కారం ఎల్లప్పుడూ ఎక్కడా తెగకుండా నిలుస్తుందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పినవారికి క్లే గణిత సంస్థ 2000లో ప్రకటించిన 10 లక్షల డాలర్ల బహుమతిని ఈనాటికీ ఎవరూ అందుకోలేదు. అందువల్ల ఇంజనీరు నీరున్న ప్రదేశాన్ని చిన్న చిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలోకి ఎంత నీరు వచ్చిందో, ఎంత పోయిందో, ఎంత వేగంతో పోయిందో క్షణక్షణానికీ కంప్యూటరు చేత లెక్కకట్టిస్తాడు. సీ.ఎఫ్.డీ. అన్న పొడి అక్షరాలతో వ్యవహారంలో ఉన్న ప్రవాహ గణన విద్య ఇదే.

ఈ విద్యకు పనిముట్లుగా నేడు పదుల సంఖ్యలో సాఫ్ట్‌వేర్లు దొరుకుతున్నాయి. వాటిలో ఏది మంచిదన్న ప్రశ్న విద్యార్థుల నుంచి నీటిపారుదల ఇంజనీర్ల వరకు అందరి నోటా మొదట వినిపిస్తుంది గాని, న్యాయానికి అది చివర అడగవలసిన ప్రశ్న. నీటిని గురించి తెలుసుకోవలసినది ఏమిటి, అందుకు ఎన్ని దిశలలో లెక్క కట్టాలి, ఆ లెక్కను సరిచూడడానికి చేతిలో ఉన్న కొలతలు ఏవి అన్న మూడూ తేలిన తరువాత సాఫ్ట్‌వేరు పేరు చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

దిశల మాట ముందుగా విచారించదగినది. భద్రాచలంలో వరద శిఖరానికి చేరిన ఎన్ని గంటలకు ధవళేశ్వరం వద్ద ఆ శిఖరం కనిపిస్తుంది, అప్పటి నీటిమట్టం ఎంత ఉంటుంది అన్నదే ప్రశ్న అయితే, నదిని పొడవునా కొన్ని అడ్డకోతల వరుసగా భావించి, ఒక్కొక్క అడ్డకోత వద్ద సగటు వేగమూ నీటిమట్టమూ మాత్రమే లెక్కిస్తే సరిపోతుంది. 1871లో సాన్ వెనాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వ్రాసిన సమీకరణాలు ఇందుకు ఆధారం. దీనిని ఏకదిశా గణన అంటారు. నీరు నది గట్టు దాటి పొలాలలోకి, వీధులలోకి పరచుకున్నప్పుడు అది ఏ వైపు తిరుగుతుందో ముందే చెప్పలేము గనుక, నేలను పైనుంచి చూసినట్లు గడులు గీసి, ప్రతి గడిలో లోతునూ రెండు దిశల వేగాన్నీ లెక్కించే ద్విదిశా గణన అవసరమవుతుంది. ఇందులో పైనుంచి అడుగుదాకా వేగం సగటుగా తీసుకోబడుతుంది. వంతెన స్తంభాన్ని ఢీకొన్న నీరు కిందికి దిగి పునాది వద్ద ఇసుకను తవ్వుకుపోవడం, స్పిల్‌వే మీద పలుచని నీటిపొర గాలిని కలుపుకుని తెల్లగా నురగలెత్తడం, గేటు అంచు కింద నుంచి నీరు చిమ్ముకు రావడం వంటి విషయాలలో నిలువు కదలికే ప్రాణం కనుక అక్కడ ఆ సగటు ఏమీ చెప్పలేదు. త్రిదిశా గణన తప్పదు. సాధారణంగా ప్రవాహ గణన అన్నప్పుడు నిపుణుల మనసులో మెదిలేది ఈ చివరిదే.

మంచినీటి గొట్టాల వలయం విషయం వేరు. అక్కడ ప్రతి గొట్టమూ ఒక గీత, ప్రతి కూడలీ ఒక బిందువు. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 1993లో వెలువరించి ఉచితంగా అందిస్తున్న ఈపానెట్ ఆ పనికి చాలును. అయితే పంపు హఠాత్తుగా ఆగినప్పుడో, వాల్వు ఒక్కసారిగా మూసినప్పుడో గొట్టంలో సుత్తిదెబ్బలా పుట్టే పీడన తరంగాన్ని అది లెక్కించదని గుర్తుంచుకోవాలి.

మూడు దిశలలో లెక్కించగలిగినప్పుడు ఎల్లప్పుడూ అలాగే లెక్కిస్తే సరిపోదా అన్న సందేహానికి జవాబు అంకెలలోనే ఉంది. ఒక కాలపు అడుగులో, అంటే కంప్యూటరు ఒక్కసారిగా ముందుకు జరిపే చిన్న కాలఖండంలో, నీరు గాని తరంగం గాని ఒక గడిని మించి దూకకపోవడం మంచిదని 1928లో కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లూయీ అనే ముగ్గురు గణితవేత్తలు నిరూపించిన షరతు ఈ శాస్త్రమంతటికీ ఆయువుపట్టు. స్పిల్‌వే మీద అర మీటరు గడులు తీసుకుని, అక్కడ నీటి వేగం క్షణానికి 30 మీటర్లు అనుకుంటే, కాలపు అడుగు క్షణంలో 60వ వంతుకు మించరాదు; ఒక్క గంట ప్రవాహానికి 2,16,000 అడుగులు వేయాలి. అదే మైదానంలో 20 మీటర్ల గడులతో ద్విదిశా గణన చేస్తే, పది మీటర్ల లోతు నీటిలో తరంగం క్షణానికి 10 మీటర్లకు దగ్గరగా కదులుతుంది గనుక, దానికి నీటి సొంత వేగం 3 మీటర్లు కలుపుకున్నా ఒక్కొక్క అడుగు ఒకటిన్నర క్షణం దాకా ఉండవచ్చు. మూడు రోజుల వరదకు 1,72,800 అడుగులతో పని పూర్తవుతుంది. త్రిదిశా గణనలో ఒక గంటకు పట్టే అడుగులకంటె ద్విదిశా గణనలో మూడు రోజులకు పట్టేవి తక్కువన్నమాట. పైగా గడి కొలతను సగానికి తగ్గిస్తే మూడు దిశలలో గడుల సంఖ్య ఎనిమిది రెట్లు, కాలపు అడుగులు రెండు రెట్లు పెరిగి, మొత్తం శ్రమ పదహారు రెట్లవుతుంది. ఎంత పెద్ద యంత్రం కొన్నా ఈ లెక్క మారదు కనుక, ఆనకట్టకు చుట్టుపక్కల కొన్ని వందల మీటర్ల వరకు త్రిదిశా గణనను ఉంచి, ఆపైన నదిని ద్విదిశా, ఏకదిశా పద్ధతులకు వదిలిపెట్టడం అనుభవజ్ఞుల ఆచారం.

త్రిదిశా గణనలో రెండు కష్టాలు ప్రత్యేకమైనవి. వాటిలో మొదటిది సంక్షుబ్ధత, అంటే పెద్ద సుడి చిన్న సుడులుగా, అవి ఇంకా చిన్నవిగా విరిగిపోతూ సాగే కల్లోల స్వభావం. మాంచెస్టర్‌లో ఆస్బర్న్ రేనాల్డ్స్ 1883లో గాజు గొట్టంలో రంగుధారను వదిలి, అది ఎప్పుడు నిటారుగా సాగుతుందో, ఎప్పుడు చెదిరిపోతుందో చూపిన ప్రయోగం నుంచి వచ్చిన రేనాల్డ్స్ సంఖ్య ఈ కల్లోలానికి కొలమానం. అయిదు మీటర్ల లోతున క్షణానికి రెండు మీటర్ల వేగంతో సాగే నదికి ఆ సంఖ్య కోటి దాకా ఉంటుంది. అందులోని అతి చిన్న సుడిని కూడా పట్టుకోవాలంటే కావలసిన గడుల సంఖ్య స్థూలంగా రేనాల్డ్స్ సంఖ్య యొక్క రెండుంపావు ఘాతంగా పెరిగి, 50 కోట్ల కోట్లను మించిపోతుంది. అంత గణన అసాధ్యం కనుక సుడుల ప్రభావాన్ని సగటున అంచనా కట్టే కె-ఎప్సిలాన్, కె-ఒమెగా వంటి ఉపసూత్రాలను సాఫ్ట్‌వేర్లు అందిస్తాయి. ఇవి ప్రకృతి నియమాలు కావని, ప్రయోగాలతో కుదుర్చుకున్న అంచనాలని మరువరాదు. ఏది ఎంచుకోవాలో సాఫ్ట్‌వేరు చెప్పదు, దానిని వాడే మనిషే నిర్ణయించాలి.

రెండవ కష్టం నీటికీ గాలికీ నడుమ ఉండే ఉపరితలానిది. గొట్టంలో నీరు ఎక్కడిదాకా ఉందో ముందే తెలుసు గాని, స్పిల్‌వే మీద ఆ హద్దు ఎక్కడుందో కనుక్కోవడమే అసలు పని. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల పరిశోధకులు హర్ట్, నికోల్స్ 1981లో ప్రచురించిన పద్ధతిలో ప్రతి గడికీ సున్నకూ ఒకటికీ నడుమ ఒక భిన్నం ఉంటుంది. సున్న అయితే గడి నిండా గాలి, ఒకటి అయితే నిండా నీరు, నడుమ విలువ అయితే ఉపరితలం ఆ గడిలోనే ఉందని అర్థం. హర్ట్ స్థాపించిన సంస్థ నుంచి వచ్చిన ఫ్లో త్రీడీ అనే వాణిజ్య సాఫ్ట్‌వేరు ఆనకట్టల ఇంజనీర్లలో పేరు పొందడానికి ఈ పద్ధతిలో దానికున్న చిరకాలపు నైపుణ్యమే కారణం. అన్‌సిస్ సంస్థ అమ్మే ఫ్లూయెంట్ అంతకంటె విస్తృతమైనది. టర్బైను రెక్కల వద్ద పీడనం పడిపోయి ఆవిరి బుడగలు పుట్టి లోహాన్ని తినివేసే సమస్య వంటి యంత్ర సంబంధమైన పనులకు అటువంటి సాఫ్ట్‌వేర్లు తగినవి.

ఈ చరిత్రలో లండన్‌లోని ఇంపీరియల్ కళాశాలకు ఒక విశిష్ట స్థానం ఉంది. భారతీయ శాస్త్రవేత్త సుహాస్ పటాంకర్, తన గురువు బ్రయన్ స్పాల్డింగ్‌తో కలిసి 1972లో ప్రచురించిన సింపుల్ అనే పద్ధతి, పీడనాన్నీ వేగాన్నీ మార్చి మార్చి సవరించుకుంటూ రెండూ పొసగే వరకు సాగుతుంది. నేటి సాఫ్ట్‌వేర్లలో అనేకం దాని వారసులే. ఆ కళాశాలలోనే హెన్రీ వెల్లర్ ప్రభృతులు పెంపొందించిన కార్యక్రమం 2004 డిసెంబరులో ఓపెన్‌ఫోమ్ పేరుతో మూలసంకేతంతో సహా ఉచితంగా లోకానికి అందింది. ఆనాటి నుంచి, లక్షల రూపాయల అనుమతి రుసుము కట్టలేని కళాశాల విద్యార్థికి కూడా త్రిదిశా గణన అందుబాటులోకి వచ్చింది. ఇది సామాన్యమైన ఉపకారం కాదు. అయితే ఓపెన్‌ఫోమ్‌లో బొమ్మల తెర ఉండదు; గడుల జాలకం కొలతలు, సరిహద్దు షరతులు, కాలపు అడుగు అన్నీ అక్షర దస్త్రాలలో వ్రాసుకోవాలి. పైగా అది రెండు శాఖలుగా చీలి, రెండు సంస్థల నుంచి వేరువేరు సంచికలుగా వెలువడుతున్నది కనుక, ఒకదానికి వ్రాసిన దస్త్రం రెండవదానిలో యథాతథంగా నడవకపోవచ్చు. పనికి కూర్చునేముందు ఏ శాఖ, ఏ సంచిక అన్నది నిశ్చయించుకుని, చివరిదాకా దానికే కట్టుబడడం శ్రేయస్కరం.

సాఫ్ట్‌వేరు నమ్మదగినదా అన్న ప్రశ్నకు ప్రకటనలు జవాబు చెప్పలేవు. జరిగిన సంఘటనను అది తిరిగి లెక్కించి చూపగలగాలి. అటువంటి పరీక్షలలో దక్షిణ ఫ్రాన్సులోని మాల్‌పాసే ఆనకట్ట ప్రమాదం ప్రసిద్ధమైనది. రెరాన్ అనే చిన్న నదిపై కట్టిన, 60 మీటర్లకు పైగా ఎత్తున్న ఆ పలుచని కమాను ఆనకట్ట 1959 డిసెంబరు 2వ తేదీ రాత్రి, ఎడమ ఒడ్డు రాతిలోని బలహీనత వల్ల దాదాపు ఒక్కసారిగా కూలిపోగా, 5 కోట్ల ఘనపు మీటర్ల చుట్టూ ఉన్న నీరు లోయలో పడి, దాదాపు 20 నిమిషాలలో ఫ్రేజూస్ పట్టణాన్ని చేరింది. 420 మందికి పైగా మరణించారు. ప్రమాదం తరువాత పోలీసులు లోయకు రెండు వైపులా నీరు ఎంత ఎత్తుకు చేరిందో గుర్తులను బట్టి కొలిచి నమోదు చేశారు. లోయలోని మూడు విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్లు ఏ క్షణాన ఆగిపోయాయో తెలియడం వల్ల తరంగం అక్కడికి చేరిన కాలం కూడా తెలిసింది. 1964లో ఫ్రెంచి విద్యుత్ సంస్థకు చెందిన జలశాస్త్ర ప్రయోగశాల ఆ లోయను 400వ వంతు కొలతతో నమూనాగా నిర్మించి, మరికొన్ని చోట్ల నీటిమట్టాలను కొలిచింది. గురుత్వబలం ప్రధానమైన ప్రవాహాలలో కాలం పొడవు యొక్క వర్గమూలాన్ని అనుసరిస్తుంది కనుక ఆ నమూనాలో ఒక నిమిషం అసలు లోయలో 20 నిమిషాలకు సమానం. పట్టణాన్ని ముంచిన తరంగం ప్రయాణమంతా ప్రయోగశాలలో ఒక్క నిమిషపు సంగతి.

అదే సంస్థ 1987లో మొదలుపెట్టి, 2010లో మూలసంకేతంతో సహా ఉచితం చేసిన టెలిమాక్ అనే ద్విదిశా, త్రిదిశా సాఫ్ట్‌వేరుకు ఈ ప్రమాదం ఒక ముఖ్య పరీక్ష అయింది. ఇందులో గమనించదగిన అంశం ఒకటి ఉంది. వరద తాకిడికి లోయ స్వరూపమే మారిపోయినందున, కొత్త పటాలు పనికిరాక, 1931 నాటి పాత పటం నుంచి 13 వేలకు పైగా బిందువుల ఎత్తులను ఒక్కొక్కటిగా అంకెలలోకి మార్చి నేలను పునర్నిర్మించవలసి వచ్చింది. సమీకరణాలను సాధించడం కంటె నేలను సరిగా తెలుసుకోవడానికి పట్టిన శ్రమ తక్కువది కాదు. నేడు కూడా ప్రవాహ గణనలో తప్పులకు సాఫ్ట్‌వేరు కంటె నేల ఎత్తుల తప్పులు, నది అడుగు కొలతల లోపాలు, నేల గరుకుదనాన్ని తెలిపే అంకెపై వేసిన గుడ్డి అంచనాలు ఎక్కువ కారణమన్నది ఈ విద్యలో తలపండినవారు పదేపదే చెప్పే మాట. సాఫ్ట్‌వేరు కొనుగోలుకు నిధులు కేటాయించి, నది అడుగు కొలతకు పడవ పంపని కార్యాలయం తన డబ్బును తప్పుచోట ఖర్చు చేస్తున్నట్లే.

ఇంగ్లండులో పర్యావరణ సంస్థ వేరువేరు ద్విదిశా సాఫ్ట్‌వేర్లన్నిటికీ ఒకే పరీక్షల వరుస పెట్టి, ఫలితాలను పక్కపక్కన ప్రచురించింది. పూర్తి సమీకరణాలను సాధించే సాఫ్ట్‌వేర్లు చాలా పరీక్షలలో దగ్గర దగ్గర జవాబులు ఇచ్చాయి. గతిజడత్వాన్ని, అంటే నీరు ఉన్న వేగంతో ముందుకు పోవాలనే స్వభావాన్ని, వదిలివేసి సరళీకరించినవి మాత్రం ఎదురు గట్టును ఎక్కి దాటే నీటి వంటి సందర్భాలలో వెనుకబడ్డాయి. ఈ భేదం ఒకే సాఫ్ట్‌వేరు లోపల కూడా ఉంటుంది. అమెరికా సైనిక ఇంజనీర్ల దళానికి చెందిన జలశాస్త్ర కేంద్రం 1995లో మొదట వెలువరించి, 2016లో ద్విదిశా గణన చేర్చిన హెక్-రాస్ ఉచితమైనది, భారతదేశంలోని నీటిపారుదల శాఖలకూ కళాశాలలకూ సుపరిచితమైనది. అందులో పూర్తి సమీకరణాలూ ఉన్నాయి, జడత్వాన్ని విడిచిన విసరణ తరంగ సమీకరణమూ ఉంది. వాడేవారు మార్చకపోతే రెండవదే నడుస్తుంది. నెమ్మదిగా పెరిగే నది వరదకు అది చాలు గాని, ఆనకట్ట తెగినప్పటి తరంగానికి చాలదు. మాల్‌పాసే వంటి సంఘటనను ఆ అమరికతో లెక్కించి, వచ్చిన జవాబును బట్టి ఊళ్లను ఖాళీ చేయించే పథకం వేస్తే ప్రాణాలకు ముప్పు.

2024 సెప్టెంబరు తొలిరోజుల విజయవాడ వరద ఈ ఎంపికలన్నీ ఒకేచోట ఎదురయ్యే ఉదాహరణ. ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణానది 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహిస్తున్న వేళనే, బుడమేరు వాగు గట్లకు గండ్లు పడి సింగ్‌నగర్ మొదలైన ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. బుడమేరు నీటిని మళ్లించే కాలువ బ్యారేజికి ఎగువన కృష్ణలో కలుస్తుంది కనుక, కృష్ణ నిండుగా ఉన్నప్పుడు ఆ నీరు పోయే దారి కుంచించుకుపోతుంది. దానిని నీరు వెనుకకు ఎగదన్నడం అంటారు. అందువల్ల బుడమేరును ఒంటరిగా లెక్కించే నమూనా ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరులో కట్టినా తప్పుదారి పట్టిస్తుంది. కృష్ణను ఏకదిశగా, నగరాన్ని ద్విదిశగా తీసుకుని, రెండింటినీ గండి వద్దా సంగమం వద్దా కలిపే శక్తి సాఫ్ట్‌వేరుకు ఉండాలి. హెక్-రాస్, డెన్మార్కు సంస్థ అమ్మే మైక్ రెండూ ఆ పని చేయగలవు. వీధులలో రైల్వేకట్టలు, ఎత్తైన రోడ్లు, వాటి కిందనుండే తూములు నీటిని ఎక్కడ ఆపుతాయో, ఎక్కడ వదులుతాయో గడుల అంచులలో గీసుకోవాలి. 20 మీటర్ల గడిలో రెండు మీటర్ల తూము దానంతట అది కనబడదు.

త్రిదిశా గణన వచ్చిన తరువాత పాత నమూనాశాలలకు పని తీరిపోయిందని తలచడం తొందరపాటు. 1916లో ఏర్పడి, పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో నడుస్తున్న కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రంలో నేటికీ ఆనకట్టల నమూనాలలో నీరు పారిస్తున్నారు. పోలవరం స్పిల్‌వే వంటి, 48 గేట్లతో 50 లక్షల క్యూసెక్కులను వదలవలసిన కట్టడం విషయంలో గణన ఒక్కటే సాక్ష్యంగా నిలవడం ఎవరికీ సమ్మతం కాదు. నమూనాకూ లోపం ఉంది. నీటి తలతన్యత, స్నిగ్ధత నమూనాతోపాటు తగ్గవు కనుక నీటిలో గాలి కలిసే తీరు అందులో సరిగా కనిపించదు. శ్రీశైలం ఆనకట్ట దిగువన నీరు పడే చోట రాతిలో ఏర్పడిన లోతైన గుంత మరొక పాఠం. అక్కడ నీటి పీడనాల హెచ్చుతగ్గులను త్రిదిశా గణన చూపగలదు గాని, పగుళ్లు పడిన రాయి ఏ క్షణాన ఊడివస్తుందో చెప్పే నమ్మకమైన సూత్రం ఏ సాఫ్ట్‌వేరులోనూ లేదు. అందుకు గుంతను ఏటేటా కొలవడమే మార్గం.

వాణిజ్య సాఫ్ట్‌వేరుకు డబ్బు పెట్టడం ఎప్పుడు సమంజసం అన్నది సూటిగానే చెప్పవచ్చు. గడువు దగ్గరపడి, చేతిలో శిక్షణ పొందిన మనిషి లేక, సమస్య వచ్చినప్పుడు ఫోనులో జవాబు చెప్పే సంస్థ అవసరమైనప్పుడు ఆ ఖర్చు సార్థకం. అనుమతి రుసుము వాడే ప్రాసెసర్ల సంఖ్యతో పెరుగుతుందా, ఏటేటా కట్టాలా అన్నవి ఒప్పందానికి ముందే తెలుసుకోవాలి. ప్రభుత్వ ధనంతో జరిగే పనులలో, ప్రజల ప్రాణాలతో ముడిపడిన ముంపు పటాలలో, లెక్క ఎలా జరిగిందో మరొకరు తిరిగి చేసి చూడగలగడం హక్కు వంటిది; ఆ దృష్టితో టెలిమాక్, ఓపెన్‌ఫోమ్, నెదర్లాండ్స్ సంస్థ డెల్టారెస్ 2011లో మూలసంకేతాన్ని విప్పిన డెల్ఫ్ట్ త్రీడీ వంటివాటికి మొగ్గు చూపడం న్యాయం. హెక్-రాస్ ఉచితమే అయినా దాని మూలసంకేతం బయటపెట్టలేదు. పద్ధతుల వివరణ గ్రంథాలు మాత్రం సమగ్రంగా ఉన్నాయి. ఓపెన్‌ఫోమ్ వంటివాటితో చేసే పెద్ద గణనలకు సొంత యంత్రం చాలకపోతే, హైదరాబాదు ఐ.ఐ.టి.లోని పరమ్ సేవ వంటి సూపర్ కంప్యూటర్లు విద్యాసంస్థల పరిశోధనకు దేశంలోనే ఉన్నాయి.

ఎంచుకున్న సాఫ్ట్‌వేరుతో అసలు పని మొదలుపెట్టేముందు చేయవలసిన సాధన ఒకటి ఉంది. టెలిమాక్‌తోపాటు వచ్చే ఉదాహరణలలో మాల్‌పాసే లోయ నేల, జాలకం, ఆనకట్ట అన్నీ సిద్ధంగా ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవారు దానిని మొదట యథాతథంగా నడిపి, మూడు ట్రాన్స్‌ఫార్మర్ల వద్దకు నీరు చేరిన కాలాలను నమోదైన కాలాలతో పోల్చి చూడాలి. తరువాత గరుకుదనపు అంకెను కొంచెం పెంచి, కొంచెం తగ్గించి, తరంగం ఎన్ని నిమిషాలు వెనుకకో ముందుకో జరిగిందో వ్రాసుకోవాలి. గడులను సగానికి చిన్నవి చేసి మళ్లీ నడిపి, జవాబు ఇంకా మారుతూ ఉంటే గడులు ఇంకా పెద్దవేనని గ్రహించాలి. అదే లోయను హెక్-రాస్‌లోకి తీసుకుని, ఒకసారి పూర్తి సమీకరణాలతో, ఒకసారి విసరణ తరంగంతో లెక్కించి, రెండు జవాబులను ఒకే కాగితం మీద గీయాలి. ఈ గణనలన్నిటికీ సాధారణమైన మేజా కంప్యూటరు సరిపోతుంది.